ముందు గది... తర్వాతే పెట్టె!

జర్మనీలో సీటు వచ్చిందనగానే మన ఇళ్లలో మొదలయ్యేది పచ్చళ్లూ పొడుల లెక్క. సూట్‌కేసులు హాల్లోకి వస్తాయి, అమ్మమ్మగారి ఊరి నుంచి ఆవకాయ దిగుతుంది, బరువు తూచే మిషన్ కోసం పక్కింటికి పరుగు. ఆ హడావుడిలో అసలు ప్రశ్న వెనకబడిపోతుంది. దిగాక పిల్లలు ఉండేదెక్కడ? సర్దుడు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ముందు గది మీద పెట్టండి. అక్కడ ఏ పనికైనా చిరునామాయే ఆధారం.

గదిలో చేరిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ధ్రువపత్రం ఉంటేనే నమోదు జరుగుతుంది. ఆ కాగితం లేకపోతే పన్ను నంబరు దగ్గర్నుంచి నివాస అనుమతి దాకా అన్నీ ఆలస్యమే. సీనియర్ గదిలో నేలమీద పడుకుని నెల గడిపేయొచ్చు, కానీ నమోదు లేని ఆ నెలలో పనులేవీ కదలవు. అందుకే గది చూడగానే అద్దెకంటే ముందు అడగాల్సింది... ‘అన్‌మెల్డుంగ్‌కి ఒప్పుకుంటారా?’ అని.

అన్నిటికన్నా చవక స్టూడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవా సంస్థలు నడిపే హాస్టళ్లు. మ్యూనిక్‌లో 1972 ఒలింపిక్స్‌కి వచ్చిన క్రీడాకారిణులు బసచేసిన చోట ఇప్పుడు విద్యార్థులు ఉంటున్నారు. బుల్లి బుల్లి ఇళ్లు, వాటి గోడలమీద పిల్లలు వేసుకున్న రంగురంగుల బొమ్మలు... చూస్తే ముచ్చటేస్తుంది. అలాంటి గదులకు క్యూ కూడా అంతే పెద్దది, పెద్ద నగరాల్లో నెలల తరబడి ఎదురుచూడాలి. అడ్మిషన్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టేయాలి, వీసా వచ్చాక చూద్దామంటే కుదరదు.

హాస్టల్ దొరక్కపోతే ‘వేగే’... నలుగురు కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండటం. ఇక్కడ ఎవరిని చేర్చుకోవాలో తరచూ అప్పటికే ఉంటున్నవాళ్లే తేలుస్తారు. పదిమందికీ ఒకే మెసేజ్ పంపితే జవాబు రాదు. ఏం చదవబోతున్నారు, వంట చేస్తారా, ఏ వేళకి నిద్రపోతారు... ఇలా మనసు విప్పి నాలుగు వాక్యాలు రాయాలి. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి’ అనేవాళ్లకు ఒక్క యూరో కూడా పంపొద్దు. ఆ ఊళ్లో ఉన్న సీనియర్‌ని ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి.

డబ్బు దగ్గర చాలా కుటుంబాలు తడబడేది అడ్వాన్సుతోనే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు ఒక్కసారిగా చేతికి రావు, నెలకు 992 చొప్పునే వస్తాయి. చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దె వరకూ ఉండొచ్చు. ఆ మొత్తాన్ని విడిగా ఉంచాలి. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది, మొహమాటపడకుండా అడగండి.

ఇక పెట్టె. చికెన్ పచ్చడి, గోంగూర మటన్, నెయ్యి, పాలకోవా వద్దు. మాంసం, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి యూరప్‌కి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకూ అంతే. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కుక్కర్ కొనేటప్పుడు అడుగు చదునుగా, ఇండక్షన్‌కి పనికొచ్చేలా ఉండాలి. కరెంటు మనలాగే 230 వోల్టులు కాబట్టి మిక్సీ తిరుగుతుంది, ప్లగ్గే పట్టదు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. రాత్రి 10 దాటాకా ఆదివారాలూ మాత్రం ఆ మిక్సీ జోలికి పోవద్దు, పొరుగువాళ్లు ఊరుకోరు. బరువైన కోట్లు అక్కడ కొనుక్కోవడమే మేలు, ఆ చలికి తగ్గట్టు ఉండేవి అక్కడే దొరుకుతాయి. సర్టిఫికెట్లు, వాటిని ధ్రువీకరించే ఏపీఎస్ పత్రం, అద్దె ఒప్పందం, వాడే మందులు, డాక్టర్ చీటీ... ఇవన్నీ చేతి సంచిలోనే ఉండాలి.

టికెట్ వారం మధ్యలో, పొద్దున దిగేలా తీసుకోండి. హాస్టల్ తాళాలు ఆఫీసు వేళల్లోనే ఇస్తారు, ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. చాలా గదుల్లో పరుపు ఉంటుంది గానీ దుప్పటి, దిండు ఉండవు. ఒక దుప్పటీ, పల్చటి రగ్గూ పెట్టెలో పైనే పెట్టండి.