అమెరికా తనతో తానే ఎందుకు పోరాడింది?

1860లో అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఉండేవారు. సంతలో పశువుల్లా వాళ్లను కొనేవారు, అమ్మేవారు. తల్లిని ఒకరికి, బిడ్డను ఇంకొకరికి! దక్షిణాది పత్తి చేలు వాళ్ల చెమటతోనే పండేవి. ఉత్తరాది రాష్ట్రాలు అప్పటికే బానిసత్వాన్ని వదిలేశాయి. మరి తగువెక్కడ? పడమటి కొత్త ప్రాంతాల్లో అది ఉండాలా, వద్దా అన్న దగ్గర.

అక్కడికి పాకనివ్వనన్న అబ్రహాం లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు. దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోసాగాయి. చివరికి వాటి లెక్క 11కు చేరింది. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి, యుద్ధం మొదలైంది. రాష్ట్రాల హక్కుల కోసమే పోరాడామని తర్వాత దక్షిణాదివాళ్లు చాలామంది చెప్పుకున్నారు. ఏ హక్కు? మనుషుల్ని సొంతం చేసుకునే హక్కే కదా!

బానిసలూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. దక్షిణాదిలోని చార్లెస్టన్ రేవులో 'ప్లాంటర్' అనే ఆవిరి ఓడను నడిపేవాడు రాబర్ట్ స్మాల్స్ అనే బానిస. 1862 మే 13, ఇంకా తెల్లవారలేదు. కెప్టెన్ ఓడలో లేడు. స్మాల్స్ ఆయన గడ్డి టోపీ పెట్టుకుని, భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని ఓడ కదిపాడు. సమ్టర్ కోట ముందు వేయాల్సిన కూత సరిగ్గా వేశాడు. కాపలావాళ్లు కెప్టెనే అనుకున్నారు! ఫిరంగులకు అందనంత దూరం వెళ్లాక తెల్ల దుప్పటి ఎగరేసి, ఓడను ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు.

1863 జనవరి 1న లింకన్ తిరుగుబాటు ప్రాంతాల్లోని బానిసలకు విముక్తి ప్రకటించాడు. దాదాపు 1,80,000 మంది నల్లజాతివాళ్లు ఆయన సైన్యంలో చేరారు. 1865లో దక్షిణాది ఓడింది. ఆ డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణతో దేశమంతటా బానిసత్వం రద్దయింది.

స్మాల్స్ ఏమయ్యాడంటారా? తన పాత యజమాని ఇంటినే కొనుక్కున్నాడు.