పదహారు వరుసల్లో సుక్మా

పిక్సెల్ అక్షరం గళ్ల కాగితం మీద గళ్లు నింపి గీసే అక్షరం. గడి నిండి ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. సగం నిండిన గడి ఉండదు. మెట్లుమెట్లుగా దిగే గళ్లనే కన్ను వంపుగా పోల్చుకుంటుంది. తొలినాటి కంప్యూటర్లలో, వీడియో గేముల్లో అక్షరానికి దక్కింది చాలావరకు 8 అడ్డు వరుసలు, 8 నిలువు వరుసల చోటే. ఆనాడు గత్యంతరం లేక గీసిన ఆ రూపాన్నే నేడు పోస్టర్ల మీద, టీషర్టుల మీద ముచ్చటపడి వాడుతున్నారు.

ఈ అక్షరాల్లో లావుపాటివి ఎక్కువగా నిలిచాయి. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్ కోసం సుసాన్ కేర్ గీసిన షికాగో ఫాంటు అందుకు పేరుపడ్డ ఉదాహరణ. అందులో నిలువు గీతలు రెండు చుక్కల లావు, అడ్డగీతలు ఒక్క చుక్క. మెనూలో పనిచేయని ఆదేశాన్ని మసకగా చూపడానికి చుక్కవిడిచి చుక్క తీసేసినా అక్షరం చదవడానికి వీలయ్యేది. సన్నటి అక్షరమైతే అక్కడే చెదిరిపోయేది. 2001 నాటి తొలి ఐపాడ్ తెర మీదా ఇదే కొలువుతీరింది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో పిక్సెల్ అక్షరం ఎదురయ్యేది ఫ్యాషన్‌గా కాదు, దుకాణం నెత్తిన పరుగెత్తే ఎర్ర దీపాల బోర్డుగా. జగదల్‌పూర్‌లోనైనా భద్రాచలంలోనైనా ఇలాంటి బోర్డుకు ఎక్కువగా వాడేది పీ10 అనే పలక. పొడవు 32 సెంటీమీటర్లు, ఎత్తు 16. చుక్కకూ చుక్కకూ ఎడం 10 మిల్లీమీటర్లు. అడ్డంగా 32, నిలువుగా 16 చొప్పున మొత్తం 512 చుక్కలు. అంటే ఒక్క పలక ఎత్తున్న బోర్డులో ఏ లిపికైనా దక్కేది 16 వరుసలే. బస్తర్ దక్షిణపు అంచున కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది గనక ఇక్కడ దేవనాగరినీ తెలుగునూ ఒకే కొలతకు పెట్టి చూడవచ్చు.

బస్తర్‌లోని సుక్మా పట్టణం పేరే తీసుకుంటే తేడా తెలుస్తుంది. హిందీలో ఈ పేరుకు సంయుక్తాక్షరం లేదు. క విడిగా, మా విడిగా రాస్తారు. శిరోరేఖకు రెండు వరుసలు, అక్షరానికి తొమ్మిది, కింద కొమ్ముకు మూడు. లావుగా గీసినా 14తో సరిపోతుంది. పైగా శిరోరేఖ, నిలువు గీతలు గళ్లకు పుట్టుకతోనే ఒదుగుతాయి. తెలుగులో అదే పేరుకు మ ఒత్తు వచ్చి పడుతుంది. క మధ్య అడ్డగీత, దాని పైన బోలు, కింద బోలు. ప్రతి గీతా, ప్రతి బోలూ రెండు చుక్కలైతే అక్షరానికే 10 వరుసలు. పైన దీర్ఘానికి రెండు, కింద ఎడానికి ఒకటి, ఒత్తుకు కనీసం ఆరు: 19. పలకలో పట్టదు. పట్టించాలని నొక్కితే బోలు పూడిపోయి ఒత్తు ఎర్రటి ముద్దగా మిగులుతుంది. తెలుగు బోర్డుల్లో చాలాసార్లు కనిపించేది ఈ ముద్దే.

షికాగో పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. అడ్డగీతలన్నీ ఒక్క చుక్కకు దించి, పక్కగీతలు మాత్రం రెండు చుక్కలు ఉంచితే ఎత్తు 14 వరుసలకు దిగుతుంది. లావంతా వెడల్పులోకి పోతుంది. పరుగెత్తే బోర్డుకు వెడల్పు కరువు లేదు. తెలుగు పిక్సెల్ అక్షరాన్ని నిలువునా లావు చేయబోవడమే అసలు పొరపాటు. నిజంగా అన్ని వైపులా లావు కావాలంటే రెండు పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి 32 వరుసలు తీసుకోవాల్సిందే.

గళ్లలో బొమ్మ గీయడం బస్తర్‌కు కొత్త కాదు. జగదల్‌పూర్ దగ్గరి తోకాపాల్ పనికా నేతగాళ్లు ముతక నూలు మీద అదనపు పేకతో పీతలు, చేపలు, గొడ్డళ్లు తీరుస్తారు. ఆల్ చెట్టు వేరు నుంచి వచ్చే ముదురు ఎరుపు వాటి రంగు. పడుగు పోగులు లెక్కపెట్టి ఎత్తాలి కాబట్టి పీత కాలు మెట్లుగానే వంగుతుంది. సరిహద్దు దాటితే ఒడిశాలోని కోట్‌పాడ్ నేతదీ అదే బాణీ. దానికి 2005లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. బార్సూర్‌లో దొరికిన 11వ శతాబ్దపు తెలుగు శాసనం చెక్కిన ఉలికి మాత్రం ఈ లెక్క లేదు, కావలసినంత వంపు తిరిగింది.

ఇక గోండి భాష. బస్తర్‌లో దాన్ని రాయడానికి దేవనాగరి ఎక్కువగా వాడుకలో ఉన్నా, సొంత లిపులూ ఉన్నాయి. మసరాం గోండి 2017లో, ఆదిలాబాద్ జిల్లా ఊరి పేరు మోసే గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. దీపాల పలక మీదికి ఎక్కాలంటే వాటికీ ఈ వరుసల లెక్క తప్పదు.

కంప్యూటర్‌లో వాడేటప్పుడు ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. 16 వరుసల ఫాంటును 16, 32, 48 పిక్సెళ్ల కొలతల్లోనే పెట్టాలి; 20లో పెడితే గళ్లు సమంగా పంచలేక అంచులు మసకబారతాయి. ఒత్తును అక్షరం కిందికి జరిపే కొలత కూడా పూర్తి గళ్లలోనే ఉండాలి. అర గడి జరిగినా ఒత్తు వరుస తప్పి వేరే ఫాంటు నుంచి తెచ్చి అతికించినట్టుంటుంది. శీర్షికకు, ధరల పట్టీకి, ఆట తెరకు ఈ అక్షరం బాగుంటుంది. పేరా మొత్తం దీనితో కూర్చితే రెండో వాక్యానికే కళ్లు లాగుతాయి.