హొవార్డ్ స్టాంటన్: ఆడని పోటీ, మిగిలిన కృషి

చదరంగ చరిత్ర హొవార్డ్ స్టాంటన్‌ను (1810–1874) ఎక్కువగా ఒక ఆడని పోటీ ద్వారా గుర్తుంచుకుంది. 1858లో అమెరికా యువకుడు పాల్ మార్ఫీతో తలపడకుండా ఆయన కాలయాపన చేశారన్నది అభియోగం. అందులో నిజం లేకపోలేదు. అయితే అప్పటికి స్టాంటన్ ఏ స్థితిలో ఉన్నారో పరిశీలించకుండా ఇచ్చే తీర్పు అసంపూర్ణమే అవుతుంది.

ఆయన క్రీడాజీవితానికి శిఖరం 1843. ఆ ఏడాది పారిస్‌లో ఫ్రెంచి క్రీడాకారుడు సెయింట్ అమాంట్‌తో ఆడిన 21 ఆటలలో స్టాంటన్ 11 గెలిచి, 6 ఓడారు. 4 డ్రా అయ్యాయి. చదరంగంలో అంతవరకు సాగిన ఫ్రెంచి ఆధిపత్యం దీనితో సడలింది. తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమనుంచి మూడో బంటును రెండు గళ్లు జరిపి ఆట మొదలుపెట్టే పద్ధతికి ‘ఇంగ్లీష్ ఓపెనింగ్’ అన్న పేరు ఈ పోటీ వల్లనే వచ్చింది. మరుసటి ఏడాది మళ్లీ పోటీకి పారిస్ వెళ్లిన ఆయన న్యుమోనియా పాలయ్యారు. ఆ పోటీ జరగలేదు.

తరువాతి కృషి ప్రధానంగా కలంతో సాగింది. 1845 నుంచి మరణించేవరకు ‘ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్’లో చదరంగ శీర్షిక నిర్వహించారు, 1847లో వెలువడిన ఆయన ‘చెస్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ దశాబ్దాలపాటు ఇంగ్లండు ఆటగాళ్లకు పాఠ్యగ్రంథమైంది. 1849లో నథానియల్ కుక్ నమోదు చేసిన పావుల నమూనాను తన శీర్షికలో ప్రచారం చేసి, దానికి తన పేరునూ ఇచ్చారు. నేటి అంతర్జాతీయ పోటీలలో వాడే పావులు ఆ నమూనావే.

1851లో లండన్‌లో 16 మందితో జరిగిన తొలి అంతర్జాతీయ టోర్నమెంటుకు ప్రధాన నిర్వాహకుడు స్టాంటనే. నిర్వహణభారం మోస్తూనే ఆడి, సెమీఫైనల్లో ఆండర్సెన్ చేతిలో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు.

మార్ఫీ లండన్ చేరేనాటికి స్టాంటన్ షేక్స్‌పియర్ నాటకాల పరిష్కరణలో మునిగి ఉన్నారు. ఆ సంచికలు 1857 నుంచి 1860 వరకు భాగాలుగా వెలువడ్డాయి. ప్రచురణకర్తకు ఇచ్చిన మాట ఉంది. పోటీని నిరాకరించడానికి ఈ కారణం చాలు. కాని ఆయన స్పష్టంగా నిరాకరించలేదు, వాయిదా కోరారు. పైగా మార్ఫీ పందెపు సొమ్ము లేకుండా, ప్రతినిధులు లేకుండా వచ్చారని తన శీర్షికలోనే రాశారు. మార్ఫీ ఫిర్యాదుపై బ్రిటిష్ చెస్ అసోసియేషన్ అధ్యక్షుడు లార్డ్ లిటిల్టన్ వెలిబుచ్చిన అభిప్రాయం సమతూకమైనది: పోటీకి నిరాకరించే హక్కు స్టాంటన్‌కు ఉంది, ఆ మాట ముందే సూటిగా చెప్పి ఉండవలసింది.

స్టాంటన్ 1874 జూన్ 22న లండన్‌లో మరణించారు. ఆయన చివరి చదరంగ గ్రంథం మరణానంతరం, 1876లో వెలువడింది.