గట్టు కాసేవారికి తొందర పనికిరాదు
కంప్యూటర్ తుపాకీ క్రీడలో రక్షక పాత్రల తీరు

అమలాపురం: గోదావరికి వరద వచ్చినప్పుడు ఏటిగట్టు వెంబడి రాత్రింబవళ్లు కాపలా కాయడం కోనసీమ వాసులకు కొత్త కాదు. 1986 ఆగస్టు వరదల్లో గట్లకు గండ్లు పడిన సంగతిని పెద్దలు నేటికీ మరువలేదు. గట్టు కాసేవారు ఏటితో కలబడరు. నీరు ఎక్కడ ఊరుతోందో కనిపెట్టి, ఇసుక బస్తాలు వేసి, నలుగురినీ కేకవేసి పిలుస్తారు. యువత కంప్యూటర్లపై ఆడే ‘వాలరెంట్’ క్రీడలో సెంటినల్ అనే రక్షక పాత్రల పని కూడా ఇదే. అది గ్రహించక ఐరన్, బ్రాంజ్, సిల్వర్ వంటి కింది శ్రేణుల్లోనే నెలల తరబడి నిలిచిపోయేవారు ఎందరో.

రయట్ గేమ్స్ సంస్థ 2020 జూన్ 2న విడుదల చేసిన ఈ క్రీడలో జట్టుకు అయిదుగురు. దాడి జట్టు నిర్ణీత స్థావరంలో ‘స్పైక్’ అనే పేలుడు పరికరాన్ని అమర్చాలి. రక్షణ జట్టు అడ్డుకోవాలి. ఒక్కో రౌండుకు వ్యవధి 100 సెకన్లు. 12 రౌండ్ల తర్వాత జట్లు పాత్రలు మార్చుకుంటాయి. ముందుగా 13 రౌండ్లు గెలిచినవారిదే విజయం.

రక్షకుల్లో సైఫర్ దారికి అడ్డంగా కనిపించని తీగలు కడతాడు, రహస్య కెమెరా అమరుస్తాడు. కిల్‌జాయ్ శత్రువును చూడగానే కాల్చే టరెట్ నిలుపుతుంది. సేజ్ అడ్డుగోడ లేపుతుంది, గాయాలు మాన్పుతుంది. ఇంతటి సరంజామా ఉన్నా కింది శ్రేణుల్లో ఓటమి తప్పకపోవడానికి ప్రధాన కారణం ఆత్రుత. తీగ కట్టిన వెంటనే దానిని వదిలి శత్రువును వెతుకుతూ వెళ్లి ప్రాణం పోగొట్టుకుంటారు. సైఫర్ మరణిస్తే అతని తీగలూ పనిచేయవు. కిల్‌జాయ్ మరీ దూరం వెళ్తే టరెట్ ఆగిపోతుంది. అంటే కాపలాదారు కదిలిన క్షణమే గట్టుకు గండి పడినట్లు. కబడ్డీలో రైడర్ లోపలికి రాకముందే పట్టుకు దూకే కార్నర్ ఆటగాడి పరిస్థితీ ఇంతే.

కింది శ్రేణుల్లో ప్రత్యర్థులు తరచుగా అయిదుగురూ ఒకే దారిన దూసుకువస్తారు. వారందరినీ ఒక్కరే నిలువరించాలనుకోవడం అవివేకం. ఒకసారి కాల్చి వెనక్కు తగ్గడం, ఎక్కడికి ఎంతమంది వచ్చారో సహచరులకు చెప్పడం, వారు చేరేవరకు బతికి ఉండడం, ఇవే అసలు పనులు. ‘ఇక్కడ ఉన్నారు’ అని అరిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చోటు పేరు, మనుషుల సంఖ్య చెప్పాలి. ఉచ్చును ప్రతి రౌండులోనూ ఒకేచోట పెడితే ప్రత్యర్థి రెండోసారికే దానిని పగలగొడతాడు. రెండు మూడు రౌండ్లకోసారి స్థలం మార్చాలి. తీగ తెగినప్పుడు ఆ చోటు తనకు కనిపించేలా, తాను మాత్రం మరుగున ఉండేలా నిలబడడం మరో మెలకువ.

స్థావరం చేజారినంత మాత్రాన రౌండు పోయినట్లు కాదు. స్పైక్ అమర్చిన 45 సెకన్లకు పేలుతుంది. దానిని నిర్వీర్యం చేయడానికి 7 సెకన్లు పడుతుంది. అంటే 38 సెకన్ల వరకు అవకాశం ఉంటుంది. సగం పని పూర్తిచేసి ఆపినా ఆ సగం నిలిచే ఉంటుంది. ఒంటరిగా దూకకుండా మిగిలినవారితో కలిసి వెళ్లడానికి ఆ వ్యవధి చాలు. దాడి వంతు వచ్చినప్పుడు సైఫర్, కిల్‌జాయ్‌ల ఉచ్చులు జట్టు వెనుక దారిని కాయాలి. కింది శ్రేణుల్లో వెన్నుపోటుకు బలయ్యే జట్లే ఎక్కువ.

ఈ పాత్రలకు మెప్పు తక్కువే. మరణాల పట్టికలో పేరు అడుగున ఉంటే సహచరులు తిట్టిపోయడమూ కద్దు. మైకులో దూషించేవారి గొంతును నిలిపివేసే ఏర్పాటు ఆటలోనే ఉంది, దానిని వాడుకోవడానికి మొహమాటపడనవసరం లేదు. తుపాకులకు రంగుల హంగులు సొమ్ము పెట్టి కొన్నా వాటి బలం పెరగదు. పిల్లలు డబ్బు అడిగితే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

కొత్తగా నేర్చుకునేవారికి కిల్‌జాయ్ అనువైన పాత్ర. పోటీ మ్యాచ్‌కు ముందు ఒకే మ్యాప్‌ను ఎంచుకుని, ఒంటరిగా తిరుగుతూ ఏ మూలన ఏ పరికరం ఇముడుతుందో చూసుకోవాలి. మూడు స్థావరాలున్న హేవెన్ మ్యాప్‌ను మాత్రం తొలిరోజుల్లో పక్కన పెట్టడం మేలు. అక్కడ రక్షణ జట్టు మరీ పలుచబడుతుంది.