దారితప్పిన సందేశమును పట్టుట

కల్వకుర్తిలో నొక విత్తనముల దుకాణము ననుకొందము. తొలకరి వాన పడినది. దూరపు పల్లెనుండి వచ్చిన రైతు ప్రత్తివిత్తనములు బేరమాడి, తన ఫోనునుండి యూపీఐ ద్వారా సొమ్ము చెల్లించెను. బ్యాంకు ఖాతాలో సొమ్ము తరిగినట్లు ఫోను చెప్పుచున్నది. దుకాణపు బల్లమీది సౌండు బాక్సు మాత్రము పలుకలేదు. వర్తకుడు సరకు విడువడు. రైతునొద్ద మఱల చెల్లించుటకు సొమ్ము లేదు. ఇరువురిలో నబద్ధమాడువా డెవడును లేడు. మఱి సొమ్మెచట నిలిచినది?

ఇట్టి సందర్భమున సొమ్ము 5 దినములలోపల దానంతటదియే తిరిగి రావలెననియు, గడువు దాటినచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహార మీయవలెననియు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో శాసించినది. మంచిదే. కాని నేలలోని పదను ఐదు దినములు కాచుకొనియుండదు గదా! కావున సొమ్ము నిలిచిన తావును వెంటనే కనుగొను విద్యను గూర్చి నేడు మీతో ముచ్చటింతును.

ఒక కంప్యూటరు మఱియొక కంప్యూటరును పని యడుగుటకు నియమించిన ద్వారమును ఏపీఐ యందురు. తపాలా కచేరి కిటికీవంటి దనుకొనుడు. ఫారము సరిగా నింపినవానికే పని జరుగును. కిటికీలకు కాపుగా గేట్‌వే యనునది యుండును. వచ్చినవా డెవడు, వానికి హక్కు గలదా, నిమిషమునకు ఎన్నిమారు లడుగవచ్చును అను లెక్కలు దానివి. 2016లో వెలసిన యూపీఐలో చెల్లించువాని యాప్, అతని బ్యాంకు, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషనువారి కూడలి, పుచ్చుకొనువాని బ్యాంకు ఇట్టి కిటికీల ద్వారానే మాటలాడుకొనును. "అందినది" అను మాట తక్షణమే వచ్చును. అసలు ఫలితము వేఱొక సందేశమై తరువాత వచ్చును.

సౌండు బాక్సును పలికించు శాఖ, వర్తకుని పద్దు వ్రాయు శాఖ, మోసమును కనిపెట్టు శాఖ, ఇవన్నియు కిటికీలవద్ద ఒండొరులకై నిలిచియుండినచో, ఒకటి ఆగిన అన్నియు నాగును. అందుచే, జరిగిన ప్రతి సంగతిని ఒక చిట్టాలో వరుసగా వ్రాసిపెట్టి, కావలసినవారు తమ తీరికనుబట్టి చదువుకొను పద్ధతి యేర్పడినది. దీని పేరు ఈవెంట్ స్ట్రీమింగ్. లింక్డిన్ సంస్థలో పుట్టి 2011లో లోకమునకు ఉచితముగా లభించిన కాఫ్కా ఇందు మిక్కిలి ప్రసిద్ధము.

మన ప్రాంతమువారికి దీనిని తెలుపుట సులభము. కల్వకుర్తి ఎత్తిపోతలలో శ్రీశైలము నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు మెట్లమీదుగా పైకి తెత్తురు. ఒక పంపు నీటిని నేరుగా మఱియొక పంపు నోట పోయరు. నడుమ జలాశయములు గలవు. అందుచే పై పంపు కొంత తడవు నిలిచినను క్రిందిది నడువవచ్చును. కాఫ్కా ఆ నడిమి జలాశయము. భేద మొక్కటే: నీరు వాడిన కొలది తరుగును; చిట్టా ఎందఱు చదివినను తరుగదు. వేఱుగా నియమింపనిచో ఏడు దినములు నిలువయుండును. ఎవ రెంతవఱకు చదివిరో తెలుపు గుర్తు ఒక్కొక్కరికి వేఱు.

చిక్కంతయు నిక్కడనే. కిటికీనుండి కిటికీకి పోవు సందేశమును వెంబడించుట కష్టము కాదు. ప్రతి కోరికకు నొక సంఖ్య నిచ్చి, అది త్రొక్కిన ప్రతి యంత్రమునందును వేళ వ్రాయించు పద్ధతిని గూగులువారు 2010లో డాపర్ అను పేర వెల్లడించిరి. రిజిస్టరు జాబుమీద ఊరూర ముద్ర పడినట్లే. ఆ సంఖ్య యెట్లుండవలెనో 2020లో ప్రపంచ వెబ్ సంఘము నిర్ణయించినది. 32 గుర్తుల పొడవు. కాని జాబు చిట్టాలో చేరినపుడు కవరు చింపి పాఱవేసినచో ముద్రలన్నియు దానితోనే పోవును! కాఫ్కా సందేశములకు అట్టి కవరు, అనగా హెడరు, 2017లో గాని రాలేదు. నేటికిని దానిలో సంఖ్య నుంచుట మఱచువారు కలరు. అపుడు గేట్‌వే "నా పని సరిగా జరిగినది" అని సాక్ష్య మిచ్చును, అది నిజమే, రైతునకు మాత్రము ప్రయోజనము శూన్యము.

సంఖ్య నుంచినను మఱియొక చిక్కు గలదు. చదువు శాఖ ఒక్క విడతలో 500 సంగతులవఱకు తీసికొనవచ్చును. ఆ విడతలో జరిగిన పని ఎవరి ప్రయాణములోనిది? ఒక్కరిది కాదు. అందుచే 2019లో ఏర్పడిన ఓపెన్‌టెలిమెట్రీ పద్ధతియందు తండ్రి బిడ్డల సంబంధమునకు బదులు లంకె వేయు వీలు కల్పించిరి. మఱియు, నడుమ యంత్ర మాగి లేచినచో చదివిన సంగతినే మఱల చదువవచ్చును. బాక్సు రెండుమారులు పలికిన నవ్వి యూరకుందుము. పద్దు రెండుమారులు వ్రాసిన నవ్వు రాదు. వ్రాయుటకు ముందు ఆ సంఖ్య యిదివఱకే కలదేమో చూడవలెను.

డాపర్ మొదట 1,024 కోరికలలో ఒకదాని జాడనే వ్రాసెడిది. యంత్రము ఆరోగ్యము తెలియుటకు అది చాలును. కాని మన రైతు మిగిలిన 1,023 మందిలో నుండవచ్చును. కాబట్టి సొమ్ము వ్యవహారములలో యూపీఐవారి 12 అంకెల సూచికను ప్రతి పద్దునందును, ప్రతి చిట్టాయందును తప్పక వ్రాయించి, దానిని జాడ సంఖ్యతో ముడివేయవలెనని నా దృఢాభిప్రాయము. ఇంతకు మించి చూడవలసినది వెనుకబాటు: చిట్టా చివరకును, బాక్సు శాఖ చదివిన గుర్తునకును నడుమ నెంత దూర మున్నదో. కిటికీల లెక్క లెన్ని చూచినను ఈ దూరము కనబడదు; ఆనాటి మౌనమునకు కారణము తఱచుగా నిదియే.

కిటికీలకు కాపువాడు కలడు. చిట్టాకు యజమాని యెవరని యడిగిన పెక్కు సంస్థలలో జవాబు రాదు. వ్రాయువాడొకనాడు చెప్పక చేయక రూపాయలకు బదులు పైసలలో మొత్తము వ్రాయ మొదలిడినచో, చదువువారందఱి లెక్కయు నూరింతలగును. చిట్టా రూపమును ముందే నమోదు చేయించి, దానికి విరుద్ధమైన వ్రాతను త్రోసిపుచ్చు సాధనములు నేడు దొరకుచున్నవి. గేట్‌వే కొనుటకు ముందుకు వచ్చు యజమానులు వీనికి మాత్రము వెనుకాడుదురు.