బేరింగుల నాణ్యమును పోల్చుట
లారీ చక్రమునకు బేరింగు కొనబోవునపుడు ఒకే నంబరు గల రెండు బేరింగులు రెండు ధరలకు దొరకుట శ్రోతలలో పలువు రెరిగినదే. నంబరు ఒకటైనచో సరకును ఒకటేయని అంగడివాడు చెప్పును. పాపము, అతనికిని తెలిసిన దంతయే! నంబరు కొలతలను మాత్రమే తెలుపును. ఉక్కు శుద్ధిని తెలుపదు.

గుర్రపుబండ్లను తయారుచేయు హెన్రీ టిమ్కెన్ 1898లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ బేరింగులో రోలర్లు ఒకకొన సన్నగా నుండును. అందుచే పైనుండి పడు బరువును, మలుపులలో ప్రక్కనుండి వచ్చు త్రోపును రెండింటిని అది భరించును. కాని ఉక్కులో కంటికి కానరాని మలినపు రేణువున్నచో పగులు అచ్చటనే పుట్టి, రోలరు దొర్లు తలము పెచ్చులుగా లేచును.

కేటలాగులలోని భారపు అంకెలు మరింత భ్రమ గొల్పును. కొందరు 10 లక్షల చుట్లకును, కొందరు 9 కోట్ల చుట్లకును లెక్కగట్టుదురు. బేరింగు ఒకటే యైనను మొదటి లెక్కలో అంకె రెండవదానికి సుమారు 3.86 రెట్లుండును. పెద్ద అంకె మేలిరకమునకు గుర్తు కాదు. ఆ చుట్లనైనను నూటికి 90 బేరింగులే పూర్తిచేయునని లెక్క. తక్కిన పదియు ముందే చెడవచ్చును.

క్రొత్త బేరింగునకు పాత కప్పును జతచేయరాదు. నట్టును అతిగా బిగించినచో మేలిరకము సైతము వేడెక్కి పాడగును.