ఎవరి నీళ్ళు, ఎవరి పరిశోధన?

నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు, ఇంగ్లీషులో. ఆ జిల్లాలోని పొదిలి, కనిగిరి, కర్నూలులోని మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశంలో కలిశాయి. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు.

ఇవాళ జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో హైదరాబాదు పరిశోధకులు, మార్కాపురం డాక్టరు, గిద్దలూరు ఆశా కార్యకర్త ఒకేసారి మాట్లాడుకోవచ్చు. నీటి పరీక్షల పట్టిక తెరమీద పెడితే, "ఆ బోరు ఊళ్ళోది, మా వాడది కాదు" అని అక్కడికక్కడే దిద్దొచ్చు. సగటు లెక్కలో ఊరి నీళ్ళు, వాడ నీళ్ళు ఒకటైపోతాయి మరి!

అందుకే మేమనేది: మీటింగు తెలుగులో జరగాలి. వాడలో ఒక్క ఫోను చుట్టూ పదిమంది కూర్చున్నా సరే, మొదటి మాట వాళ్ళదే కావాలి. లేకపోతే 1937 రాతకూ దీనికీ తేడా ఏముంది?